టెలివిజన్: లోపలి మెదడు, వెలుపలి పెట్టె

లాంతరు వెలుగులో చదువుకొన్న తరంవారికి ఒక సంగతి బాగా తెలుసు. వత్తి కాలిపోతే వత్తిని మార్చేవారు. చిమ్నీ పగిలితే చిమ్నీని తెచ్చేవారు. లాంతరు మాత్రం ఏండ్ల తరబడి అదే కొక్కానికి వ్రేలాడుతూ ఉండేది. త్వరగా అరిగే భాగాన్ని, చిరకాలం నిలిచే భాగాన్ని వేరువేరుగా ఉంచటమే ఆ సాధనంలోని తెలివి.

ఈనాడు టెలివిజన్ కొనబోయే ప్రతి కుటుంబమూ తెలిసో తెలియకో ఇదే ప్రశ్నను ఎదుర్కొంటున్నది. స్మార్ట్ టీవీ అంటే తెరతోపాటు ఒక చిన్న కంప్యూటరును కూడా తనలో ఇముడ్చుకొన్న టీవీ. సినిమాలను, పాఠాలను ఇంటర్నెట్ ద్వారా తెచ్చి చూపే సాఫ్ట్‌వేరు ఆ కంప్యూటరులో నడుస్తుంది. అదే కంప్యూటరును అరచేతిలో ఇమిడే పెట్టెగా విడిగా కొని, ఒక తీగతో తెరకు తగిలించవచ్చు. దీనిని స్ట్రీమింగ్ పెట్టె అంటారు. ఈ రెంటిలో ఏది మేలు? దుకాణంలో నిలబడి ఆలోచించేవారికి ఇది నిన్న మొన్న పుట్టిన ప్రశ్నవలె తోస్తుంది. నిజానికి దీని వయస్సు 70 సంవత్సరాలు దాటినది.

పోర్ట్‌లండ్‌లో పుట్టిన పెట్టె

1950 ప్రాంతంలో అమెరికాలో తయారైన టెలివిజన్ సెట్లు 2 నుంచి 13 వరకు గల 12 ఛానళ్లను మాత్రమే పట్టగలిగేవి. వీటి తరంగాల పౌనఃపున్యం 54 నుంచి 216 మెగాహెర్ట్జ్‌ల వరకు ఉండేది. కేంద్రాల సంఖ్య పెరిగేకొద్దీ ఈ చోటు చాలలేదు. అందుచేత ఆ దేశపు ఫెడరల్ కమ్యూనికేషన్స్ కమిషన్ 1952లో 470 నుంచి 890 మెగాహెర్ట్జ్‌ల మధ్య మరి 70 ఛానళ్లకు స్థానం కల్పించినది. ఈ భాగాన్ని యూహెచ్‌ఎఫ్ అంటారు. ఆ సంవత్సరం సెప్టెంబరులో ఆరిగన్ రాష్ట్రంలోని పోర్ట్‌లండ్ నగరంలో 27వ ఛానలుపై ప్రసారం మొదలైనది. యూహెచ్‌ఎఫ్‌లో తొలి వాణిజ్య ప్రసార కేంద్రం ఇదే.

కాని కేంద్రం వెలిసినంత మాత్రాన బొమ్మ కనపడదు కదా! మామూలు సెట్టుకు 27వ ఛానలు అందదు. దీనికి పరిష్కారంగా వచ్చినదే సెట్టుపైన పెట్టుకొనే మార్పిడి పెట్టె. అది చేసే పని చిన్న తీసివేత లెక్క. 27వ ఛానలు 548 మెగాహెర్ట్జ్‌ల వద్ద మొదలవుతుంది. పెట్టె తనలో 472 మెగాహెర్ట్జ్‌ల తరంగాన్ని పుట్టించి, వచ్చిన తరంగంతో కలుపుతుంది. వాటి భేదం 76 మెగాహెర్ట్జ్‌లు. అది సరిగా 5వ ఛానలు మొదలయ్యే చోటు. సెట్టు తాను 5వ ఛానలును చూపుతున్నాననే అనుకొంటుంది; ఇంటివారు మాత్రం 27వ ఛానలును చూస్తూ ఉంటారు.

ఈ ఏర్పాటును తయారీదారులు సెట్టులోనే ఎందుకు అమర్చలేదు? అదనపు భాగానికి అదనపు ఖర్చు. సెట్లు లేవు కనుక కొత్త కేంద్రాలకు ప్రేక్షకులు లేరు. కేంద్రాలు నిలదొక్కుకోలేదు కనుక సెట్లను అడిగేవారు లేరు. విత్తు ముందా, చెట్టు ముందా అన్నట్లయినది. యూహెచ్‌ఎఫ్ కేంద్రాలు అనేకం మూతపడినవి. చివరకు అమెరికా కాంగ్రెసు 1962లో ఒక చట్టం చేసినది. దాని ప్రకారం 1964 ఏప్రిల్ 30 తరువాత తయారయ్యే సెట్లన్నీ 2 నుంచి 83 వరకు గల ఛానళ్లన్నిటినీ అందుకొనవలెను. క్రమంగా పెట్టె సెట్టులో లీనమైనది.

టెలివిజన్ చరిత్రలో ఈ కథ మరల మరల జరిగినది. కొత్త విద్య మొదట వెలుపలి పెట్టెగా వస్తుంది. అది స్థిరపడిన పిమ్మట సెట్టులోపలికి చేరుతుంది.

మన గ్రామాలకు వచ్చిన పెట్టె

మన దేశంలో దీనికి చక్కని ఉదాహరణ 1975–76లో జరిగిన సైట్ అనే ఉపగ్రహ బోధన ప్రయోగం. అమెరికా వారి ఏటీఎస్–6 ఉపగ్రహం ద్వారా ఆంధ్రప్రదేశ్‌తో సహా 6 రాష్ట్రాలలోని సుమారు 2,400 గ్రామాలకు ఒక సంవత్సరంపాటు కార్యక్రమాలను ప్రసారం చేశారు. ఉపగ్రహం 860 మెగాహెర్ట్జ్‌ల వద్ద పంపే సంకేతాన్ని మామూలు టీవీ సెట్టు అర్థం చేసుకోలేదు. అందువలన తీగవలతో చేసిన 3 మీటర్ల వ్యాసంగల గొడుగువంటి యాంటెనాను, ఆ సంకేతాన్ని సెట్టుకు పనికివచ్చే రూపంలోకి మార్చే ఉపకరణాన్ని జతచేశారు. ఈ గ్రామీణ సెట్లను తయారుచేసినది హైదరాబాదులోని ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్ సంస్థ.

తరువాత కేబుల్ టీవీ వచ్చినది. 2011లో చేసిన చట్ట సవరణ ననుసరించి 2012 నుంచి దశలవారీగా కేబుల్ ప్రసారాలను డిజిటల్ పద్ధతికి మార్చారు. ఇంటింటా టీవీ ప్రక్కన సెట్‌టాప్ బాక్సు వెలిసినది. పిమ్మట 2022లో భారతీయ ప్రమాణాల సంస్థ ఉపగ్రహ ప్రసారాలను అందుకొనే ట్యూనరు లోపలనే అమర్చిన టీవీలకు ఒక ప్రమాణాన్ని ప్రకటించినది. అట్టి సెట్టుకు డిష్ తీగను నేరుగా తగిలిస్తే, ఉచిత ఛానళ్లను చూడటానికి వేరే పెట్టెతో పని ఉండదు. ఇక్కడ కూడ వెలుపలి పెట్టె లోపలికి చేరే దారిలోనే నడుస్తున్నది.

ఇంటర్నెట్ పెట్టె

ఇంటర్నెట్ ద్వారా సినిమాలను ఎప్పటికప్పుడు ప్రవాహంగా పంపే విధానమే స్ట్రీమింగ్. అంతకుముందు డీవీడీలను తపాలా ద్వారా పంపుతూ వచ్చిన నెట్‌ఫ్లిక్స్ సంస్థ 2007లో ఈ సేవను ప్రారంభించినది. మొదట వాటిని కంప్యూటరులో మాత్రమే చూడవలసి వచ్చేది. వాటిని టీవీ తెరపైకి చేర్చే పెట్టెను ఆ సంస్థ తనలోనే రూపొందించినది. కాని విడుదల చేయబోయే ముందు వెనుకకు తగ్గినది. తానే పెట్టెలు అమ్మితే ఇతర తయారీదారులు తనను పోటీదారుగా చూస్తారు. తన సేవకు వారి ఉపకరణాలలో చోటు ఇవ్వరు. ఈ ఆలోచనతో ఆ పనిని రోకు అనే వేరొక సంస్థకు అప్పగించినది. 2008 మే నెలలో ఆ పెట్టె 99.99 డాలర్లకు అమ్మకానికి వచ్చినది.

నెట్‌ఫ్లిక్స్ ఆలోచన ఫలించినది. మరుసటి సంవత్సరమే దాని సేవను లోపలనే అమర్చిన టీవీలు వెలువడినవి. 2010లో గూగుల్ టీవీ అనే సాఫ్ట్‌వేరు సోనీ సెట్ల లోపల ఒక రూపంలోను, లాజిటెక్ పెట్టెలో మరొక రూపంలోను ఒకేసారి వచ్చినది. 2014లో రోకు సాఫ్ట్‌వేరు కూడ టీవీల లోపలికి ప్రవేశించినది. మునుపటి కథ ప్రకారమైతే ఇక్కడితో పెట్టెలు అంతరించవలెను. కాని అంతరించలేదు. ఏల?

తెర వెనుక గణితం

ట్యూనరు చేసే తీసివేత ఎన్ని సంవత్సరాలు గడచినా మారదు. స్ట్రీమింగ్ సాఫ్ట్‌వేరు చేసే పని అట్టిది కాదు. ఒక లెక్క చూడండి. హై డెఫినిషన్ చిత్రంలో అడ్డముగా 1,920, నిలువుగా 1,080 బిందువులు ఉంటాయి. అనగా మొత్తం 20,73,600. ఒక్కొక్క బిందువు రంగును తెలపటానికి 24 బిట్లు కావలెను. సెకనుకు 25 చిత్రాల చొప్పున 124 కోట్ల 41 లక్షల 60 వేల బిట్లు అవుతాయి. కాని సెకనుకు 50 లక్షల బిట్లు వచ్చే ఇంటర్నెట్ సంబంధం ఉంటే ఇట్టి చిత్రాన్ని చక్కగా చూడవచ్చు! అనగా చిత్రం సుమారు 250వ వంతుకు కుదించబడి ఇంటికి చేరుతున్నది. ఒక చిత్రానికీ దాని తరువాతి చిత్రానికీ మధ్య మారని భాగాన్ని మరల పంపకుండా, మారిన భాగాన్ని మాత్రమే తెలపటం ఈ కుదింపులోని ముఖ్య సూత్రం.

కుదించిన దానిని విప్పవలసినది టీవీలోనో పెట్టెలోనో ఉన్న చిప్. ఈ కుదింపు పద్ధతులు మారుతూ వస్తున్నాయి. 2003లో హెచ్.264, 2013లో హెచ్‌ఈవీసీ, 2018లో ఏవీ1 వచ్చినవి. ప్రతి కొత్త పద్ధతీ మునుపటికన్న తక్కువ బిట్లతో అదే చిత్రాన్ని పంపగలదు. కాని పాత చిప్‌లో కొత్త పద్ధతిని విప్పే ఏర్పాటు ఉండదు. దానిని సాఫ్ట్‌వేరుతో తరువాత చేర్చటం కూడ సాధారణంగా సాధ్యం కాదు. సేవలు సైతం కొత్తవి పుడుతూనే ఉంటాయి. తెలుగు చిత్రాలకు ప్రత్యేకించిన ఆహా 2020లో ప్రారంభమైనది. అంతకుముందు తయారైన సెట్లకు ఆ పేరే తెలియదు.

చెడని తెర, నడవని యాప్

2015 ఏప్రిల్‌లో యూట్యూబ్ తన సర్వరుతో టీవీలు సంభాషించే పాత పద్ధతిని విరమించి, కొత్త పద్ధతిని అమలులో పెట్టినది. 2012లోను, అంతకు పూర్వమూ తయారైన అనేక టీవీలలో యూట్యూబ్ యాప్ ఆగిపోయినది. తెరకు ఏ లోపమూ లేదు. ధ్వనికి ఏ లోపమూ లేదు. అవతలివారి భాష మారినది, అంతే. 2019 డిసెంబరులో నెట్‌ఫ్లిక్స్ కూడ 2010, 2011 సంవత్సరాల నాటి కొన్ని శామ్‌సంగ్ టీవీలలో నిలిచిపోయినది.

ఇక్కడ పెట్టె పక్షాన వాదించేవారు ఒక విషయం మరువరాదు. అదే 2019లో పాత రోకు పెట్టెలలో కూడ కొన్ని పనికిరాకుండా పోయినవి. పెట్టె చిరంజీవి కాదు. భేదమల్లా నష్టంలో ఉన్నది. ఒకచోట అరచేయంత పెట్టెను మార్చితే సరిపోయినది. రెండవచోట సాఫ్ట్‌వేరు ముసలిదైనదని మంచి తెరను కూడ వదలుకోవలసిన ప్రమాదం ఏర్పడినది. ఏండ్ల తరబడి కూడబెట్టి టీవీ కొనే కుటుంబానికి ఇది చిన్న విషయం కాదు. పారవేసిన ప్రతి తెరా ఎలక్ట్రానిక్ వ్యర్థాలలో చేరుతుందని కూడ గుర్తించవలెను.

ఆ ఆగిపోయిన టీవీలను సయితం బ్రతికించినది వెలుపలి పెట్టెయే! తెరనూ పెట్టెనూ కలిపే హెచ్‌డీఎంఐ అనే ప్రమాణం 2002 డిసెంబరులో వెలువడినది. కుదింపు పద్ధతులు ఎన్ని మారినా విప్పిన చిత్రాన్ని తెరకు అందించే ఈ ద్వారం నిలిచి ఉన్నది. 2010 నాటి సెట్టుకు నేటి పెట్టెను తగిలిస్తే కొత్త యాప్‌లు దానిపై నడుస్తాయి. లాంతరుకు కొత్త వత్తి వేయటమంటే ఇదే.

చూచేవారిని చూచే టీవీ

స్మార్ట్ టీవీ విషయంలో మరొక చిక్కు ఉన్నది. విజియో సంస్థ టీవీలు ఇంటివారికి సరిగా తెలపకుండా, వారు చూచే కార్యక్రమాల వివరాలను సేకరించినవని అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ ఆరోపించినది. దీనికి సంబంధించిన టీవీలు 1 కోటి 10 లక్షలు. 2017లో ఆ సంస్థ 22 లక్షల డాలర్లు చెల్లించి వివాదాన్ని పరిష్కరించుకొన్నది. తెరపైని కొన్ని బిందువుల రంగులను ఎప్పటికప్పుడు తీసుకొని, పెద్ద పట్టికతో సరిపోల్చి, నడుస్తున్న కార్యక్రమమేదో గుర్తించటం ఇందులోని విధానం.

గమనింపవలసిన దేమంటే, ఈ గుర్తింపు తెర వద్దనే జరుగుతుంది. కనుక కార్యక్రమం యాప్ నుంచి వచ్చినా, కేబుల్ నుంచి వచ్చినా, వెలుపలి పెట్టె నుంచి వచ్చినా అది తప్పించుకోలేదు. పెట్టె కొన్నంత మాత్రాన గోప్యత లభించదు. పెట్టె తయారీదారులకు సైతం వివరాలపై ఆసక్తి ఉండవచ్చు. టీవీ అమరికలలో ఈ సౌకర్యాన్ని ఆపివేయటం ఒక మార్గం. పెట్టెను వాడుతున్నప్పుడు టీవీకి ఇంటర్నెట్ ఇవ్వకపోవటం ఇంకా గట్టి మార్గం.

ఏది ఎన్నుకోవలెను?

లోపలి సాఫ్ట్‌వేరుకు దాని గుణాలు దానికి ఉన్నాయి. వేరే ఖర్చు లేదు, వేరే తీగ లేదు, ఒకే రిమోటు చాలు. ఇంటిలోని పెద్దవారికి ఈ సౌలభ్యం తక్కువది కాదు. కొత్త టీవీలోని సాఫ్ట్‌వేరు వేగంగా పనిచేస్తూ, కావలసిన యాప్‌లన్నీ అందులో ఉంటే వెంటనే పెట్టె కొనటం వృథా. అది మందగించిన నాడు, లేక ఒక ముఖ్యమైన యాప్ ఆగిన నాడు పెట్టెను తెచ్చుకోవచ్చు. కనుక కొనేటప్పుడు ముందుగా చూడవలసినవి తెర నాణ్యత, ధ్వని, హెచ్‌డీఎంఐ ద్వారాల సంఖ్య. యాప్‌ల జాబితా తరువాతి మాట. సాఫ్ట్‌వేరుకు ఎన్ని సంవత్సరాలు మరమ్మతులు పంపుతారో కూడ అడిగి తెలుసుకోవలెను. బ్రిటనులో 2024 ఏప్రిల్ నుంచి భద్రతకు సంబంధించిన మరమ్మతుల కాలాన్ని తయారీదారులు ముందే ప్రకటించటం చట్టరీత్యా విధి. స్మార్ట్ టీవీలు అమర్చిన తరగతి గదులకు ఈ ప్రశ్న మరింత అవసరం. పాఠశాల ఏటేటా కొత్త టీవీని కొనలేదు కదా!

ట్యూనరు సెట్టులో లీనమైనదంటే ఆ విద్య స్థిరపడినది కనుక. స్ట్రీమింగ్ విద్య ఇంకను స్థిరపడలేదు. అది స్థిరపడేవరకు తెరకు ఒక ఆయుర్దాయం, దాని మెదడుకు మరొక ఆయుర్దాయం ఉంటాయి. ఏ యంత్రాన్ని కొన్నా, అందులో ముందుగా పాతబడే భాగమేది, దానిని మాత్రమే మార్చటానికి వీలున్నదా అని విచారించటం మంచి అలవాటు. ఉపాధ్యాయులు విద్యార్థులచేత తమ ఇండ్లలోని వస్తువులను ఈ దృష్టితో పరిశీలింపజేసి ఒక పట్టిక వ్రాయించవచ్చు. లాంతరు నుంచి టెలివిజన్ వరకు ఆ పట్టికలో ఒకే పాఠం కనబడుతుంది.