అద్దె ఇళ్ళలో విద్యుత్ బిల్లు పంపకం

ఒకే సర్వీసు మీటరు గల ఇంటిలో రెండు లేక అంతకు మించిన కుటుంబాలు నివసించునప్పుడు నెలవారీ విద్యుత్ బిల్లును వారు తమలో తాము పంచుకొనవలసి వస్తుంది. యజమాని కింది భాగంలో ఉండి, మేడమీది వాటాలను అద్దెకిచ్చే ఇళ్ళు ఇందుకు సాధారణ ఉదాహరణ.

సబ్ మీటరు

సర్వీసు మీటరు తరువాత ఒక్కొక్క వాటాకు వెళ్ళే తీగపై అమర్చుకొనే ప్రైవేటు మీటరును సబ్ మీటరు అంటారు. విద్యుత్ సంస్థకు దీనితో సంబంధం లేదు. వాడకాన్ని ఇది యూనిట్లలో చూపుతుంది (1000 వాట్ల ఇస్త్రీపెట్టె ఒక గంట పనిచేస్తే ఒక యూనిట్). సర్వీసు మీటరు రీడింగు తీసిన రోజుననే సబ్ మీటర్ల రీడింగు కూడా తీయవలెను. రెండింటి మధ్య వచ్చే తేడా బోరు మోటారు, మెట్ల దీపం వంటి ఉమ్మడి వాడకానిది. అయితే యజమాని వాటాకు కూడా సబ్ మీటరు ఉన్నప్పుడే ఈ లెక్క తేలుతుంది. చాలా ఇళ్ళలో లేనిది ఇదే.

శ్లాబుల చిక్కు

వాడకం పెరిగిన కొద్దీ యూనిట్ ధర పెరగడం వలన అసలు సమస్య పుడుతుంది. తెలంగాణలో 2022-23 గృహ ధరల ప్రకారం నెలకు 100 యూనిట్లు మించని ఇంటికి మొదటి 50 యూనిట్లు రూ.1.95 చొప్పున, తరువాతి 50 యూనిట్లు రూ.3.10 చొప్పున లెక్కిస్తారు. వాడకం 200 దాటితే మొదటి యూనిట్ నుండే ధర మారుతుంది: తొలి 200 యూనిట్లకు రూ.5.10, ఆపై 300 వరకు రూ.7.70. తలా 100 యూనిట్లు వాడే మూడు కుటుంబాలకు వేరువేరు మీటర్లుంటే మొత్తం రూ.757.50 అవుతుంది. ఒకే మీటరు మీద అదే వాడకానికి రూ.1,790 (ఇతర ఛార్జీలు కలపకుండా). ఎవరూ ఒక్క దీపం అదనంగా వెలిగించలేదు.

2024లో తెలంగాణలో మొదలైన గృహజ్యోతి పథకం క్రింద అర్హులైన కుటుంబాలకు నెలకు 200 యూనిట్ల వరకు ఉచితం. ఉమ్మడి మీటరు ఆ హద్దు దాటితే, విడిగా అతి తక్కువ వాడిన కుటుంబానికి కూడా ఆ నెల ప్రయోజనం దక్కదు.

పంచే పద్ధతులు

పై 300 యూనిట్ల ఇంటిలోనే మూడు వాటాల సబ్ మీటర్లు 140, 90, 50 చూపాయనుకొందాం. ఉమ్మడి వాడకం 20. సగటు పద్ధతిలో 1,790ని 300తో భాగించగా యూనిట్ రూ.5.97 అవుతుంది. 50 యూనిట్లు వాడినవారి వంతు రూ.298. వారికి విడి మీటరు ఉంటే అయ్యేది రూ.97.50 మాత్రమే. లెక్క సులువు గనుక ఎక్కువమంది దీనినే పాటిస్తారు, కాని పొదుపరికి ఇది నష్టం.

దీనికన్నా న్యాయమైనది నిష్పత్తి పద్ధతి. ప్రతి వాటాకు విడి మీటరు ఉంటే ఎంత అయ్యేదో ముందు లెక్కించి (రూ.532, రూ.221.50, రూ.97.50), ఉమ్మడి 20 యూనిట్ల ఖర్చు పోగా మిగిలిన బిల్లును అదే నిష్పత్తిలో పంచుతారు. అప్పుడు 50 యూనిట్లవారికి రూ.191, 140 యూనిట్లవారికి రూ.1,044 వస్తుంది. ఉమ్మడి ఖర్చును, స్థిర ఛార్జీని వాటాకింత అని సమంగా పంచుకోవచ్చు.

కొందరు యజమానులు చివరి శ్లాబు ధరనే అన్ని యూనిట్లకూ వసూలు చేస్తారు. పై ఉదాహరణలో 7.70 చొప్పున తీసుకుంటే అద్దెదారుల నుండి అసలు సగటు కన్నా యూనిట్‌కు రూ.1.73 ఎక్కువ రాబట్టినట్లే.

యజమాని అంగీకారంతో ప్రతి వాటాకు వేరు సర్వీసు తీసుకొంటే ఈ చిక్కు ఉండదు. అది వీలుకానిచోట పంచే పద్ధతిని, ఇంటిలో చేరిన రోజు రీడింగును అద్దె ఒప్పందంలో వ్రాసుకొనుట మంచిది. బిల్లు తగాదా పేరుతో కరెంటు నిలిపివేయరాదని 2021లో కేంద్ర మంత్రివర్గం ఆమోదించిన నమూనా అద్దె చట్టం చెబుతుంది. అయితే రాష్ట్రాలు స్వీకరించినచోటనే అది అమలవుతుంది.