శ్రీహరికోట సీమ పులిజూదము: యుద్ధక్రీడావిమర్శనము

ఫలకముపై నాడెడు క్రీడలలో యుద్ధమును బోలినది చతురంగ మొక్కటియే యనియుఁ, దక్కినవి పసులకాపరుల కాలక్షేపములనియుఁ బండితులలోఁ బెక్కండ్ర యభిప్రాయము. సంస్కృతవాఙ్మయమునఁ జతురంగమునకుఁ గల గౌరవమే దీనికి మూలము. నెల్లూరు తీరపు దక్షిణభాగమునఁ, బులికాటు సరస్సునకును బంగాళాఖాతమునకును నడుమనున్న శ్రీహరికోట తెలుఁగును దమిళమును గలసికొను సీమలోనిది. ఆ సీమయందు రెండు భాషలవారికిని ఉమ్మడి సొత్తైన యాట యొకటి కలదు. తెలుఁగువారు దానిని బులిజూదమనియుఁ బులిమేక యాటయనియుఁ బిలుతురు. తమిళులకది ఆడుపులి యాట్టము. జూదమని పేరేకాని పందెమునకుఁ గాని పాచికకుఁ గాని యిందుఁ జోటులేదు. యుద్ధతత్త్వమును జూపుటయం దీ యాట చతురంగమును మించినది. నవీనపాశ్చాత్యులు చతురంగమునుండి బయలుదేఱి సుమారు రెండువందల యేండ్లకుఁ జేరిన చోటున నిది మొదటినుండియు నున్నది.

చతురంగముయొక్క ప్రాచీనత నెవ్వరును గాదనరు. గజములు, అశ్వములు, రథములు, పదాతులు అను నాలుగంగములు గల సేన పేరే యాటకును వచ్చినది. 7వ శతాబ్దివాఁడగు బాణుఁడు హర్షచరితమున దానిని స్మరించెను. 12వ శతాబ్దిలోఁ జాళుక్యుఁడగు మూఁడవ సోమేశ్వరుఁడు మానసోల్లాసమున రాజవినోదములలో దానికిఁ జోటిచ్చెను. ఆంధ్రులలో బొడ్డుచర్ల తిమ్మన శ్రీకృష్ణదేవరాయలతోఁ జతురంగమాడి గెలిచెడివాఁడని చాటువులవలనఁ దెలియుచున్నది. కాని యాట వ్యాపించినకొలఁదియు నందలి యుద్ధము పలుచఁబడెను. తెలుఁగునాట మూలగడిలో నిలుచునది యేనుఁగు. ఏటవాలుగా నడచునది శకటు. ఏ రథికుఁడును రణభూమిని మూలమూలలకు మాత్రమే రథము తోలఁడు! తిరువేంగడాచార్యశాస్త్రి సంస్కృతమున రచించిన చతురంగగ్రంథము 1814లో బొంబాయియం దాంగ్లభాషలో వెలువడునప్పటికి దానిని ఐరోపావారి పద్ధతి కనుగుణముగా మార్పవలసివచ్చినది. ఆట దేశాంతరము పోయి వేఱురూపమున మరల వచ్చెనన్నమాట.

ఇంతకంటెను బెద్ద లోపము వేఱొకటి కలదు. చతురంగమున నిరువురకును బలములు సమానములు, లక్ష్యము నొక్కటియే. లోకమున నట్టి యుద్ధ మరుదు. కౌటిల్యుఁడు అర్థశాస్త్రమున హీనుఁడు, సముఁడు, అధికుఁడు అని రాజులను విభజించుటయే కాక, బలవంతునిచేఁ బీడితుఁడగు దుర్బలరాజు చేయఁదగిన పనులకై ఆబలీయసమను పండ్రెండవ యధికరణమునంతయు వినియోగించెను. ఆ యధికరణమునకుఁ దగిన దృష్టాంతము చతురంగమున దొరకదు, పులిజూదమున దొరకును.

ఈ యాటకు వలయు ఫలకమును సుద్దముక్కతోనో బొగ్గుతోనో క్షణములో గీయవచ్చును. పైని శిఖరబిందు వొకటి. దానినుండి క్రిందికి నాలుగు గీఁతలు. వానిని ఖండించుచు అడ్డగీఁతలు. మొదటి మూఁడు అడ్డగీఁతలపై నాఱేసి బిందువులు, అడుగుగీఁతపై నాలుగు. శిఖరముతోఁ గూడ మొత్తము 23. పులులు మూఁడు, మేకలు పదునైదు. చింతగింజలును గులకరాళ్లును జాలును. మేకలవాఁడు తడవ కొకటిగా మేకలను నిలుపును; పదునైదును నిలుచువఱకు నొక్క మేకయుఁ గదలరాదు. పులులకు నట్టి నిర్బంధము లేదు. పులి ప్రక్కబిందువునకు నడువవచ్చును. ప్రక్కనున్న మేకకు వెనుక, నదే గీఁతపై, బిందువు ఖాళీగా నున్నచో మేకమీఁదుగా దుమికి దానిని గొట్టివేయవచ్చును. మేక పులిని జంపలేదు. మూఁడు పులులకును గదలుటకుఁ దావులేకుండఁ జుట్టుముట్టుటయే దాని గెలుపు. పులులను ముందే నిలుపు వాడుకయు, మేకలతోఁబాటు ఒక్కొక్కటిగా నిలుపు వాడుకయుఁ గలవు.

ఇందలి సూక్ష్మము పరిశీలింపఁదగినది. ఒకపక్షము సంఖ్యచేత నధికము, శక్తిచేత హీనము. రెండవపక్షము సంఖ్యచేత నల్పము, శక్తిచేతను వేగముచేతను అధికము. పులివాఁడు సంహారమును గోరును, మేకలవాఁడు స్తంభనమును గోరును. రెండు పక్షముల బలములే కాక వాని నియమములును, గెలుపన్నదాని యర్థమునుగూడ వేఱు. ఇంత వైషమ్యమున్నను ఆట యేకపక్షము కాదు. నేపాళమున నాలుగు పులులతోను ఇరువది మేకలతోను ఆడెడు బాఘ్‌చాల్ దీని సోదరక్రీడ. దానిని లిమ్, నీవెర్‌గెల్ట్ అను పరిశోధకులు 21వ శతాబ్ది తొలిదశకమునఁ గంప్యూటరు సాయముతో శోధించి, ఇరువురును బొరపాటులేక యాడినచో నాట సమముగా ముగియునని తేల్చిరి. బలములు విషమములు, అవకాశములు సమములు: యుద్ధక్రీడ కల్పించువాఁడు సాధింపవలసిన కష్టసాధ్య మిదియే. (బొబ్బిలికోటలో 1757లో శత్రువులచేఁ జుట్టుముట్టఁబడిన పక్షమువాఁడైన తాండ్ర పాపారాయునికే లోకము పులియని పేరిడుట యిచటఁ దలఁపునకు వచ్చును.)

భూస్వరూపముకూడ నీ యాటయం దిమిడియున్నది. శిఖరమునుండి నాలుగు దారులు. మూలబిందువులనుండి రెండేసి మాత్రమే. పులిని మూలకుఁ దోలినవాఁడు సగము గెలిచినవాఁడు. శ్రీహరికోటనే యొక బిందువుగా భావించినచో నీ విషయము విశదమగును. తూర్పున సముద్రము, పడమట లోఁతు తక్కువైన యుప్పునీటి సరస్సు, సరస్సు నడ్డముగాఁ గట్టఁబడి సూళ్లూరుపేటనుండి వచ్చు బాట. ఓడలు గలవానికి సముద్రము దారి, లేనివానికి గోడ. 1613లో డచ్చివారు సరస్సు దక్షిణముఖమునఁ బులికాటుకడ గెల్డ్రియాకోటను గట్టుటలోని రహస్య మిదియే: సముద్రమునకును సరస్సునకును నడుమ దారులు గూడుచోటును బట్టినవాఁడు తక్కినదానిని గాచుకొనవచ్చును. నవీనయుద్ధక్రీడలలో నొక్కొక గడికి అడవి, ఇసుక, చిత్తడి యని పేరిడి నడకకు వేఱువేఱు వెలలు నిర్ణయింతురు. పులిజూదము గీఁతల సంఖ్యచేతనే యా పని చేసినది.

పాశ్చాత్యులు చతురంగమునుండియే బయలుదేఱిరి. 1780లో బ్రన్స్‌విక్‌నందు హెల్విగ్ అను ఉపాధ్యాయుఁడు పదాఱువందలకుఁ బైఁబడిన గళ్లతో నదులు, కొండలు, గ్రామములుగల మహాచతురంగమును గల్పించెను. ప్రష్యాదేశమున రైస్విట్జ్ అను నతఁడు 1812లో నిట్టి క్రీడను రాజునకు సమర్పింపఁగా, సేనాధికారియైన యతని కుమారుఁడు 1824లో దానికి గళ్లను దొలఁగించి దేశపటమును, పాచికలను, మధ్యస్థుఁడగు నిర్ణేతను జేర్చెను. ప్రష్యాసైన్యమున నది శిక్షణసాధనమయ్యెను. సామాన్యజనులకు విక్రయింపఁదగిన నవీనయుద్ధక్రీడ 1954లో నమెరికాయందు చార్లెస్ రాబర్ట్స్ ప్రకటించిన ‘టాక్టిక్స్’తో నారంభమైనది. అందుఁ గల్పితరాజ్యములు రెండు, సేనలు సమానములు. అనఁగా నింకను జతురంగపు నీడ తొలఁగలేదు. 1958లో నతని సంస్థ ప్రకటించిన ‘గెటిస్‌బర్గ్’ నిజముగా జరిగిన యుద్ధమును జూపునది గావున నసమానబలములు తప్పనిసరియయ్యెను. 1961నాఁటికి షడ్భుజపు గళ్లును వచ్చినవి. పిదప జరుగని యుద్ధములుకూడ ఫలకముల కెక్కినవి: 1970 తరువాత ఐరోపాలో నాటో, వార్సా కూటముల సంగ్రామము, మొన్నమొన్న భారతపాకిస్తానముల సంగ్రామము. వీనిలోఁ బెక్కింట దుర్బలుఁడు శత్రువును జంపుటవలనఁ గాక, నియమితకాలము నిలిచి కాచుకొనుటవలన గెలుచును. మేకలవాని గెలుపు వంటిదే యిదియు.

జరుగని యుద్ధము నాడిచూచుట వినోదమునకే పరిమితము కాదని యాంధ్రతీరమువారికి 1942 నేర్పినది. ఆ యేఁటి ఏప్రిల్ 6వ తేదీన జపానువారి విమానములు విశాఖపట్టణముపైనిఁ గాకినాడపైని బాంబులు వైచినవి. ముందునాఁడు కొలంబోపై దాడిచేసిన నౌకాదళమున నకాగి, యగ్రనౌక. మఱుసటి నెలలో జపాను సేనానులు మిడ్వే దండయాత్రను ఫలకముపై నాడిచూచిరి. పాచికలు పడినరీతిగా నకాగి, కాగా యను రెండు నౌకలును మునిఁగినవని నిర్ణేత చెప్పెను. సేనానియగు ఉగాకి యా తీర్పును ద్రోసివైచి, యొక్కటియే మునిఁగినదనెను. తరువాతి ఘట్టమున నదియుఁ దేలెను. జూన్‌నెలలో మిడ్వేయొద్ద రెండును నిజముగనే మునిఁగినవి. పులిజూదమున నిర్ణేతయే లేఁడు. చచ్చిన మేకను మరల నిలుపుఁడని యాజ్ఞాపింపఁగల యధికారియు లేఁడు.

2019లో నమెరికాయందు వెలువడిన ‘గాంధీ’ యను ఫలకక్రీడ మన ప్రకృతమునకు మిక్కిలి సన్నిహితమైనది. బ్రూస్ మాన్స్‌ఫీల్డ్ కల్పించిన యీ క్రీడకు వస్తువు 1917 మొదలు 1947 వఱకు నడచిన స్వాతంత్ర్యోద్యమము. పక్షములు నాలుగు: బ్రిటిషు ప్రభుత్వము, కాంగ్రెసు, ముస్లింలీగు, విప్లవకారులు. నాలుగింటి నియమములును వేఱువేఱు. అందుఁ గాంగ్రెసు ఆయుధము పట్టదు. సర్కారును గదలనీయకుండఁ జేయుటయే దాని బలము. 1921 ఏప్రిల్ 7వ తేదీన గాంధీమహాత్ముఁడు స్వయముగాఁ బ్రారంభించిన పల్లిపాడు ఆశ్రమముగల నెల్లూరు మండలమువారి కీ యాట వింతగాఁ దోఁపదు. విదేశమునఁ గల్పకుఁడు నూతనమనుకొనిన యీ పద్ధతి యిచ్చటి యరుగులమీఁదఁ జింతగింజలతో నడచుచున్నదే.

అయినను మన గ్రంథములలోఁ జతురంగమునకున్న చోటు దీనికి లేదు. దేవాలయమండపములలోని నేలబండలపైఁ జెక్కిన గళ్లే దీనికి శాసనములు. జీర్ణోద్ధరణపు పేరఁ బాతబండలు తీసి నునుపురాళ్లు పఱచునప్పుడు శాసనాక్షరము లున్న బండను గాపాడుదురుగాని పులిజూదపు గీఁత లున్నదానిని బాఱవైతురు. శ్రీహరికోటలో నంతకంటె ముందే జనులే తరలిరి. 1969లో ద్వీపము రాకెట్ ప్రయోగస్థానముగా నిర్ణయింపఁబడి, 1971 అక్టోబరు 9వ తేదీన మొదటి రోహిణి రాకెట్టు ప్రయోగింపఁబడినది. ద్వీపవాసులలోఁ బెక్కండ్రు, యానాదులతోఁగూడ, సరస్సున కావలి యూళ్లకుఁ జేరిరి. పులులను ముందే నిలుపువా రెవ్వరో, ఒక్కొక్కటిగా నిలుపువా రెవ్వరో, ఎన్ని మేకలు పోయిన నోటమిగా నెంచుదురో వారి వృద్ధులనోటనే వినవలసియున్నది. సూళ్లూరుపేట, తడ పాఠశాలల పండితులు తమ విద్యార్థుల తాతలను అడిగి, గీఁతలతోఁగూడ వ్రాసియుంచవచ్చును.