పాలేరు నుంచి మూసీ దాకా

హైదరాబాదు, విజయవాడలను కలిపే సుమారు 270 కిలోమీటర్ల దారి, పుణె నుంచి మచిలీపట్నం వరకు సాగే జాతీయ రహదారిలో ఒక భాగం. పూర్వం 9వ నంబరుతో, 2010లో జరిగిన మార్పు తరువాత 65వ నంబరుతో వ్యవహరిస్తున్న ఈ మార్గం నార్కెట్‌పల్లి, నకిరేకల్, సూర్యాపేట, మునగాల, కోదాడల మీదుగా వచ్చి, పాలేరు నది దాటి జగ్గయ్యపేట, నందిగామల వైపు సాగుతుంది.

కుతుబ్‌షాహీల కాలంలో గోల్కొండకు ప్రధానమైన రేవు మచిలీపట్నమే. డచ్చివారు 1605లో, ఇంగ్లీషువారు 1611లో అక్కడ వర్తక స్థావరాలు పెట్టారు. రాజధానికీ రేవుకూ నడుమ సాగే రాకపోకల కోసం ఆ వంశపు రాణి హయత్ బక్షీ బేగం హయత్‌నగర్‌లో మసీదు చుట్టూ సరాయి, అంటే బాటసారులు బస చేసే గదుల వరుస, కట్టించింది. నేటి రహదారి అడుగడుగునా ఆ పాత బాట మీదే పడిందని చెప్పడానికి వీల్లేదు గాని, దిశ మాత్రం అదే. నిజాం రైలు 1889లో బెజవాడ చేరినప్పుడు వరంగల్లు, ఖమ్మం మీదుగా చుట్టు తిరిగి వెళ్లడం వల్ల సూర్యాపేట, కోదాడ పట్టాలకు దూరమై, పూర్తిగా రోడ్డు మీదే ఆధారపడ్డాయి.

ఈ దారి చరిత్రలో అన్నిటికన్నా విశేషమైనది మునగాల పరగణా. పరగణా అంటే కొన్ని గ్రామాలతో కూడిన రెవెన్యూ విభాగం. చుట్టూ నిజాం రాజ్యమే ఉన్నా, ఈ పరగణా మాత్రం బ్రిటిష్ పాలనలోని కృష్ణా జిల్లాకు చెందిన జమీందారీ. అందువల్ల జగ్గయ్యపేట నుంచి బయలుదేరిన బాటసారి పాలేరు దాటగానే కోదాడలో నిజాం రాజ్యంలో ప్రవేశించి, మునగాలలో మళ్లీ బ్రిటిష్ నేల మీదికి వచ్చి, సూర్యాపేట చేరేలోగా తిరిగి నిజాం రాజ్యంలో అడుగుపెట్టేవాడు. సరిహద్దు దాటే సరుకు మీద సుంకం వసూలు చేసే నిజాం శాఖను కరోడ్‌గిరీ అనేవారు. నిజాం రాజ్యంలో చెలామణీలో ఉన్న నాణెం హాలీ సిక్కా, బ్రిటిష్ నేల మీద బ్రిటిష్ రూపాయి. నడిగూడెం కోటలో కొలువున్న మునగాల జమీందారు నాయని వెంకట రంగారావు, ఆయన దివాను కొమర్రాజు లక్ష్మణరావు 1901లో హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయ ఆంధ్రభాషా నిలయమనే గ్రంథాలయ స్థాపనకు పూనుకోవడానికి, ఈ రెండు పాలనల నడిమి స్థానం కూడా తోడ్పడిందని భావించవచ్చు.

1948 సెప్టెంబరు 13న నిజాం రాజ్యం మీదికి భారత సైన్యం విజయవాడ వైపు నుంచి ఇదే దారిన వచ్చి, ఉదయం 8.30కల్లా కోదాడను, మధ్యాహ్నానికి మునగాలను చేరింది. మరునాడు సూర్యాపేట సైన్యం స్వాధీనం కాగా, వెనుదిరిగిన నిజాం బలగాలు మూసీ నది మీది వంతెనను కూల్చాయి. దానికి కాపలాగా అవి కాల్పులు జరపకపోవడంతో సైన్యం త్వరగానే మరమ్మతు చేసుకొని ముందుకు సాగింది.

1956 నవంబరు 1 నుంచి ఒకే రాష్ట్రంలో సాగిన ఈ దారి, 2014 జూన్ 2న తిరిగి రెండు రాష్ట్రాల మధ్య రహదారి అయింది; పాలేరు మళ్లీ ఎల్ల అయింది. మునగాల ఎల్లలకు మాత్రం నేడు గుర్తింపు లేదు. రోడ్డు విస్తరణ జరిగే ప్రతిసారీ పాత ఆనవాళ్లు చెదిరిపోయే ప్రమాదం ఉంది కనుక, ఆ పరగణా సరిహద్దులను స్థానిక చరిత్రకారులు త్వరగా గుర్తించి నమోదు చేయడం అవసరం.