రెండవ జవాబు కథ

క్రీ. శ. 1150లో భాస్కరాచార్యుడు తన బీజగణితమున ఒక కోతుల లెక్క నిచ్చెను. గుంపులో అయిదవ వంతునుండి 3 తీసివేసి, మిగిలినదానిని వర్గము చేయగా వచ్చినన్ని కోతులు గుహ చొచ్చినవి. ఒక్కటి మాత్రము కొమ్మపై కనబడుచున్నది. గుంపులో కోతులెన్ని?

దీనికి 50, 5 అను రెండు జవాబులు వచ్చును. 50లో అయిదవ వంతు 10, 3 తీయగా 7, దాని వర్గము 49, కొమ్మపైదానితో 50. ఇక 5లో అయిదవ వంతు 1. దానినుండి 3 తీసినచో ఋణము 2. దాని వర్గము 4. ఒకటి కలుపగా 5. అంకెలకు ఇదియు సరియే. కాని ఋణరాశియందు లోకమునకు నమ్మకము లేదని భాస్కరుడు రెండవ జవాబును విడిచెను.

ఆయన అనుసరించినది శ్రీధరాచార్యుని సూత్రము. ఇరువైపులను తగిన సంఖ్యతో గుణించి, వర్గమును పూరించి, మూలము గ్రహించుట అందలి పద్ధతి. దీనికి మధ్యమాహరణమని పేరు.

నేడు మన పిల్లలు బడిలో నేర్చు కారణాంకముల పద్ధతి వేరొకటి. ఇందు పదములనన్నిటిని ఒకవైపునకు చేర్చి, రెండవవైపున సున్నను నిలుపవలెను. తెలియని సంఖ్య యొక్క వర్గమునుండి ఆ సంఖ్యకు 55 రెట్లు తీసివేసి 250 కలుపగా సున్న యగును: ఇదియే కోతుల లెక్క. కూడిన 55, గుణించిన 250 అగు సంఖ్యలు 50, 5. కావున తెలియని సంఖ్యనుండి 50 తీయగా వచ్చినదానిని, 5 తీయగా వచ్చినదానితో గుణించినచో సున్న వచ్చును. లబ్ధము సున్న యైనప్పుడు రెంటిలో ఒకటి సున్న కాక తప్పదు.

సున్నతో దేనిని గుణించినను సున్నయే యని బ్రహ్మగుప్తుడు 628లోనే చెప్పెను. అయినను సమీకరణములు కారణాంకముల గుణకారమువలన ఏర్పడునని చూపిన గ్రంథము, ఆంగ్లేయుడగు థామస్ హారియట్ మరణించిన పదియేండ్లకు, 1631లో అచ్చయినది. 1637లో ఫ్రెంచి పండితుడు డెకార్ట్ ఈ మార్గమునే విశదపరచెను. ఆయనయు ఋణమూలములను అసత్యమూలములనియే పిలిచెను!

అన్ని సమీకరణములును ఇట్లు సులభముగా విడివడవు. అట్టిచోట శ్రీధరుని సూత్రమే శరణ్యము. విడివడినచోట మాత్రము రెండు జవాబులును సరిసమానముగా మన యెదుట నిలుచును. ఏది గ్రాహ్యమో అంకెలు చెప్పవు. కోతులను గూర్చిన లెక్కయా, కాలమును గూర్చినదా యని మనమే విచారింపవలెను. పిల్లవాడు ఒక జవాబును కొట్టివేసినపుడు, ఎందులకని యడిగి చూతము. గణితమునందలి వివేకము ఆ సమాధానముననే యున్నది.