మకుటం: పాదం దగ్గర కిరీటం

మకుటమంటే సంస్కృతంలో కిరీటం. తల మీద ఉండాల్సిన వస్తువు. శతకంలో మాత్రం పద్యం చివర కూర్చుంటుంది. అక్కడే కవి దేవుణ్నో, రాజునో, తనను తానో పిలుచుకుంటాడు.

కడప జిల్లా ఒంటిమిట్ట రాముడి మీద అయ్యలరాజు త్రిపురాంతకుడు శతకం చెప్పాడు. ఊరి పేరు మకుటంలోకే ఎక్కింది. పద్యం ఎక్కడ మొదలైనా ఒంటిమిట్టకు చేరాల్సిందే.

మకుటం ఉత్త అలంకారం కాదు, ఛందస్సు మీద పెత్తనం దానిదే. ఉత్పలమాల, చంపకమాల చివర్లు ఒకేలా నడుస్తాయి. శార్దూలం, మత్తేభం కూడా అంతే. అందుకే వృత్త శతకాల్లో ఈ జంటలు తరచూ కలిసి కనిపిస్తాయి. ఒక మకుటం జంటలో రెండింటికీ అతుకుతుంది.

వేమనది మరీ ఇరుకు. ఆటవెలదికి ఉన్నవే నాలుగు పాదాలు, నాలుగోది ‘విశ్వదాభిరామ వినుర వేమ’ అనే మకుటానికే పోయింది. మిగిలిన మూడింటిలో చాలాచోట్ల రెండు విషయానికి, ఒకటి పోలికకు. ఆయన పదునంతా ఆ ఇరుకులోంచే వచ్చిందని నాకనిపిస్తుంది. 1820లో కడపకొచ్చిన సి.పి. బ్రౌన్ ఆ పద్యాలను సేకరించి, ఇంగ్లీషు అనువాదంతో 1829లో అచ్చువేయించాడు. మకుటంలోని అభిరాముడెవరన్న తగువు మాత్రం ఇంకా తెగలేదు.

ఆధునికుడైన శ్రీశ్రీ సైతం కందాల్లో సిరిసిరిమువ్వను పిలుస్తూ ఈ పాత పద్ధతితో సరదాగా ఆడుకున్నాడు. వాడుకలో ‘మకుటం లేని మహారాజు’ అంటే పదవి లేకున్నా మాట చెల్లేవాడు. శతకానికి ఆ వెసులుబాటు లేదు. పద్యాలు నూరు దాటినా సర్దుకుంటారు గానీ, మకుటం లేకపోతే శతకమని ఒప్పుకునేవాళ్లు తక్కువ.