కళానిధుల పట్టికలో పొలిమేర తెలుగు

ఏటా జనవరి ఒకటో తేదీన మద్రాసు మ్యూజిక్ అకాడమీలో సదస్సు జరగడం ఆనవాయితీ. డిసెంబరు నడిమి నుంచి సాగిన కచేరీలూ, పొద్దుటి పూట విద్వాంసుల చర్చలూ ముగిశాక, ఆ ఏటి మహాసభకు అధ్యక్షత వహించినవారికి 'సంగీత కళానిధి' బిరుదు ప్రదానం చేస్తారు. కర్ణాటక సంగీతంలో దీన్ని మించిన గౌరవం లేదని పాడేవాళ్ళూ వినేవాళ్ళూ కూడా చాలావరకు ఒప్పుకుంటారు. ఆ బిరుదు అందుకున్నవారి పట్టికను ముందు పెట్టుకుని వరసగా చదివితే, అది సంగీత చరిత్రే కాదు, మన బోటి పొలిమేర తెలుగువాళ్ళ చరిత్ర కూడా అని నాకు తోచింది. ఆ సంగతి చెప్పడానికే ఈ వ్యాసం.

ముందు దాని పుట్టుక. 1927 డిసెంబరులో మద్రాసులో కాంగ్రెస్ మహాసభ జరిగినప్పుడు దానితో పాటు అఖిల భారత సంగీత మహాసభ కూడా జరిగింది. అక్కడ చేసిన తీర్మానం ఫలితంగా 1928లో అకాడమీ ఏర్పడింది. ఏటేటా జరిపే మహాసభకు ఒక పెద్ద విద్వాంసుణ్ణి అధ్యక్షుడిగా పిలవడం ఆ తొలి రోజుల్లోనే మొదలైంది. బిరుదు మాత్రం 1942లో వచ్చింది. అంతకు ముందు అధ్యక్షత వహించినవారికి కూడా దాన్ని వర్తింపజేశారు.

రికార్డుల మీద మోజున్నవాళ్ళకు ఈ పట్టికలో కావలసినన్ని దొరుకుతాయి. 1947లో శెమ్మంగుడి శ్రీనివాస అయ్యర్ 39 ఏళ్ళకే అధ్యక్షుడయ్యారు. నలభై ఏళ్ళ పాటు మగవాళ్ళకే పరిమితమైన ఆ పీఠం మీద 1968లో ఎం.ఎస్. సుబ్బులక్ష్మి కూర్చున్నారు, స్త్రీలలో ఆమే మొదటివారు. రెండేళ్ళకు డి.కె. పట్టమ్మాళ్, 1973లో నాట్యకళాకారిణి బాలసరస్వతి. 1944 నాటి కళానిధి టి.ఎల్. వెంకట్రామ అయ్యర్ న్యాయవాది, తర్వాత సుప్రీంకోర్టు న్యాయమూర్తి అయ్యారు. అంటే కచేరీ విద్వాంసులకే ఈ గౌరవం అన్న నియమం మొదటినుంచీ లేదు. ఈ సంగతి గుర్తుంచుకోవాలని పాఠకులకు మనవి; ముందు దీనితో పని ఉంది.

ఇక మనవాళ్ళ మాట. ఈ ప్రస్తావన వస్తే తెలుగువాళ్ళు రెండు రకాలుగా మాట్లాడటం నేను విన్నాను. "పాటలన్నీ మన భాషవి, బిరుదులన్నీ వాళ్ళవి" అని బాధపడేవారు కొందరు. "ఎవరు పాడితేనేం, మోగేది మన తెలుగే" అని మీసం తిప్పేవారు మరికొందరు. ఈ రెండు మాటలకూ పట్టికలోనే జవాబుంది.

1941 సంవత్సరపు అధ్యక్షుడు వయొలిన్ విద్వాంసుడు ద్వారం వెంకటస్వామి నాయుడు. విజయనగరం పేరుతో ముడిపడిన ఈ మహానుభావుడు పుట్టింది బెంగుళూరులో, 1893లో. 1919లో విజయనగరంలో కొత్తగా పెట్టిన సంగీత కళాశాలలో విద్యార్థిగా చేరుదామని వెళితే, ఆదిభట్ల నారాయణదాసుగారు ఆయన వాద్యం విని ఉపాధ్యాయుడిగానే చేర్చుకున్నారన్న కథ మనందరికీ తెలిసినదే. తర్వాత అదే కళాశాలకు ఆయన ప్రిన్సిపాల్ అయ్యారు.

అదే 1893లో అనంతపురం జిల్లా రాళ్ళపల్లిలో పుట్టిన అనంతకృష్ణశర్మగారు ఎదురు దిక్కుకు నడిచారు. మైసూరు చేరి బిడారం కృష్ణప్ప వంటి విద్వాంసుల దగ్గర సంగీతం నేర్చుకుని, అక్కడి మహారాజా కళాశాలలో నాలుగు దశాబ్దాలకు కాస్త తక్కువగా తెలుగు పాఠం చెప్పారు. ఇటు పుట్టినవాడు అటు, అటు పుట్టినవాడు ఇటు. ఇద్దరూ కళానిధులే. ఒకరు 1941లో, మరొకరు 1974లో.

చిత్తూరు సుబ్రహ్మణ్య పిళ్ళెగారిది 1954. చిత్తూరు జిల్లావాడు, కాంచీపురం నాయనా పిళ్ళె శిష్యుడు. ఆయన జిల్లా అప్పటికి ఏడాది కిందటే మద్రాసు నుంచి ఆంధ్రకు వచ్చింది. అందులోని తిరుత్తణి ప్రాంతం 1960లో మళ్ళీ మద్రాసుకు పోయింది. ఆయనను ఏ రాష్ట్రం లెక్కలో వేస్తారు? 1978లో మంగళంపల్లి బాలమురళీకృష్ణ. కోనసీమలోని శంకరగుప్తంలో పుట్టి, విజయవాడలో పారుపల్లి రామకృష్ణయ్య పంతులుగారి దగ్గర పెరిగి, చివరకు మద్రాసులో స్థిరపడ్డారు. 1998లో షేక్ చిన మౌలానా. ఒంగోలు దగ్గర కరవదివాడు. తంజావూరు బాణీ నాదస్వరం కోసం నాచ్చియార్‌కోయిల్ విద్వాంసులను ఆశ్రయించి, శ్రీరంగంలో ఇల్లు కట్టుకుని, అక్కడే శిష్యులను తయారు చేశారు. 2016లో అవసరాల కన్యాకుమారి. విజయనగరంలో చదువు మొదలుపెట్టి మద్రాసులో నిలిచిన ఆమె, వయొలిన్ వాయించే స్త్రీలలో ఈ గౌరవం అందుకున్న మొదటివారు.

తెలుగు నేలనే అంటిపెట్టుకున్నవారు లేరా? ఉన్నారు. కర్నూలు వైద్య కళాశాలలో ఆచార్యుడిగా పనిచేసిన డాక్టర్ శ్రీపాద పినాకపాణి (1983), ఆయన శిష్యుడు నేదునూరి కృష్ణమూర్తి (1991). గురుశిష్యులిద్దరూ ఎనిమిదేళ్ళ తేడాలో కళానిధులయ్యారు. కానీ పినాకపాణిగారు మన పిల్లలకు నేర్పినది ఏ బాణీ? తంజావూరు సీమ విద్వాంసులను విని, వంటబట్టించుకుని, స్వరం రాసుకుని తెచ్చిన బాణీ. ఆయన కూడా పొలిమేర దాటి వచ్చినవారే. ఇక పారుపల్లి రామకృష్ణయ్య పంతులు, వోలేటి వెంకటేశ్వర్లు వంటివారి పేర్లు పట్టికలో కనపడవు. ఆ కొరత నిజమే. అయితే నాదస్వర చక్రవర్తి టి.ఎన్. రాజరత్నం పిళ్ళె పేరు కూడా అందులో లేదు. కాబట్టి తెలుగువాళ్ళకే అన్యాయం జరిగిందని రుసరుసలాడటం సబబు కాదు.

మొదటి రకం వారికి ఇది నా జవాబు. పట్టికలో తెలుగు పేర్లు తక్కువే. కానీ ఉన్నవాటిలో ఎక్కువ భాగం పొలిమేర దాటిన పేర్లు. మన వీధిలో, మన పొరుగున బతికిన పేర్లు. అంతెందుకు, ఎవరి పాటలు లేనిదే ఆ డిసెంబరు కచేరీలు సాగవో ఆ త్యాగరాజస్వామే తిరువారూరులో పుట్టి తిరువయ్యారులో బతికిన తెలుగువాడు.

రెండో రకం వారికి జవాబు చెప్పాలంటే 1935కు వెళ్ళాలి. ఆ ఏటి అధ్యక్షుడు మైసూరు వాసుదేవాచార్యులు. కన్నడ సీమవాడు. తన కాలపు విద్వాంసుల జ్ఞాపకాలను కన్నడంలోనే రాశారు. కానీ కృతులు మాత్రం తెలుగులోనూ సంస్కృతంలోనూ చేశారు. ఖమాస్ రాగంలో ఆయన చేసిన తెలుగు కృతి 1980లో వచ్చిన 'శంకరాభరణం' సినిమా వల్ల కచేరీ గడప తొక్కని వారికి కూడా కంఠస్థమైంది. తిరువయ్యారులో పట్నం సుబ్రహ్మణ్య అయ్యర్ ఇంట్లో చదువుకున్నందువల్ల సంగీతంతో పాటు తెలుగూ ఆయనకు వారసత్వంగా వచ్చింది. అంటే ఆ రోజుల్లో పాటతో పాటు భాషనూ పట్టుదలగా నేర్చుకునేవారు. తెలుగు మోగింది ఊరికే కాదు. పొరుగువాళ్ళు కష్టపడి నేర్చుకున్నందువల్ల మోగింది. అందుకు మనం రుణపడి ఉండాలే గాని మీసం తిప్పడానికి అందులో ఏముంది?

ఆ కష్టం అందరికీ ఎల్లకాలం ఇష్టం కావాలని లేదు. ద్వారంవారు అధ్యక్షుడైన 1941లోనే రాజా సర్ అన్నామలై చెట్టియార్ చిదంబరంలో తమిళ ఇసై ఉద్యమానికి ఊపు ఇచ్చారు. 1943లో తమిళ ఇసై సంఘం ఏర్పడింది. తమిళుల సభల్లో తమిళ పాటకు చివరి అరగంట తుక్కడాల్లోనేనా చోటు అని వారు అడిగారు. రాజాజీ, కల్కి వంటివారు ఆ పక్షాన నిలిచారు. సంగీతానికి భాష హద్దు కాకూడదని అకాడమీ వాదించింది. ఇన్నేళ్ళ తర్వాత చూస్తే ఆ అడిగినదాంట్లో న్యాయం ఉందనే నాకనిపిస్తుంది. మన పిల్లలకు తల్లిభాషలో బడి కావాలని అడిగే మనం, తల్లిభాషలో పాట కావాలని అడిగినవారిని తప్పుపట్టలేము. ఆ ఉద్యమం తమిళ పాటకు మర్యాద తెచ్చింది. తెలుగు కృతులను మాత్రం వేదిక మీద నుంచి దించలేదు.

అసలు ముప్పు అక్కడ లేదు. అది పుస్తకంలో ఉంది. తమిళ లిపిలో క, ఖ, గ, ఘలకు ఒకటే అక్షరం. ప, ఫ, బ, భలకూ అంతే. బలం అన్నా ఫలం అన్నా రాతలో ఒక్కటే. ఈ చిక్కు తీర్చడానికి తమిళంలో అచ్చయ్యే కృతుల పుస్తకాల్లో అక్షరం పక్కన 2, 3, 4 అని అంకెలు వేస్తారు. తెలివైన ఏర్పాటే. కానీ అంకె చూసి ఒత్తు పలికే పిల్లకు ఆ మాట అర్థం అంకెలో దొరకదు. మాట ఎక్కడ విరుగుతుందో, ఎక్కడ విరిస్తే అర్థం తలకిందులవుతుందో ఏ గుర్తూ చెప్పలేదు. అది చెప్పడానికి తెలుగు వచ్చిన మనిషి పక్కన కూర్చోవాలి. వాసుదేవాచార్యులకు గురువుగారి ఇంట్లో దొరికింది ఇదే.

అందుకే, రికార్డుల లెక్కలో ఎవరూ ఎత్తని 1974 నాటి సదస్సు నాకు అన్నిటికంటె ముఖ్యమైనదిగా కనిపిస్తుంది. ఆ ఏడు కళానిధి అయిన రాళ్ళపల్లివారికి 81 ఏళ్ళు. కచేరీలే వృత్తిగా బతికినవాడు కాదు. పరాయి రాష్ట్రపు కళాశాలలో తెలుగు పండితుడు. వేమన మీద ఉపన్యాసాలు ఇచ్చినవాడు, గాథాసప్తశతిని తెనిగించినవాడు. మైసూరు ఉద్యోగం ముగిశాక తిరుపతి వెళ్ళి, రాగిరేకుల మీద రాగం పేరు తప్ప స్వరం లేని అన్నమాచార్య కీర్తనలకు బాణీలు కట్టారు. మాట తెలిసినవాడికే ఆ పని సాధ్యం. తర్వాత నేదునూరి ఆ దారినే నడిచారు. ఆయన బాణీలు కట్టిన కీర్తనలను సుబ్బులక్ష్మిగారు దేవస్థానం కోసం పాడితే ఇంటింటా మోగాయి. ఒక తెలుగు పంతులు చేసే పని కూడా సంగీతమేనని ఆ సదస్సు నిండు సభలో ఒప్పుకుంది. న్యాయమూర్తికి, వైద్యుడికి దక్కిన చోటే భాషోపాధ్యాయుడికీ దక్కింది.

ఇప్పుడు ఆ పంతుళ్ళు ఎక్కడినుంచి వస్తారు? తమిళనాడులో 2006లో తమిళం తప్పనిసరి చేస్తూ చట్టం వచ్చాక, తెలుగు చదివే పిల్లలకు పదో తరగతి పరీక్షలో వెసులుబాటు కోసం కోర్టుల దాకా వెళ్ళవలసి వచ్చింది. మన ఇళ్ళలోనే తెలుగు మాట్లాడటం వచ్చి చదవడం రాని తరం పెరుగుతోంది. అదే వీధిలో మరో ఇంట్లో, తెలుగు చదవడం రాక, అంకెలు వేసిన పుస్తకం పట్టుకుని త్యాగరాజ కృతి సాధన చేసే పిల్ల ఉంటుంది. ఈ రెండు ఇళ్ళ మధ్య గోడే గదా అడ్డం.

ప్రతి సంగీత పాఠశాలకూ వారానికి ఒక గంట తెలుగు చెప్పేవారు కావాలి. జీతమిచ్చి పెట్టుకునే స్తోమత చాలా పాఠశాలలకు ఉండదు. మన సంఘాలు ఉగాదికి వేసే పందిరి ఖర్చులో కొంత దీనికి మళ్ళించవచ్చు. ఉద్యోగ విరమణ చేసిన తెలుగు ఉపాధ్యాయులు మద్రాసు, హోసూరు, బెంగుళూరు, బళ్ళారి, బరంపురం వంటి ఊళ్ళలో మనకు ఇంకా ఉన్నారు. వారు ఉండగానే ఈ పని మొదలుపెట్టాలి. బదులుగా ఆ సంగీతం పంతులుగారు మన పిల్లలకు నాలుగు కీర్తనలు నేర్పుతారు. తెలుగు అక్షరాలు చూసి చదవవలసిన అవసరం మన పిల్లలకూ అప్పుడు కలుగుతుంది.