భయమూ, రోగమూ, పొరుగువాడూ

ఖమ్మం నుంచి భద్రాచలం వైపు సాగే అడవి పల్లెల్లో చేతబడి, చిల్లంగి భయం నేటికీ పూర్తిగా పోలేదు. తనకు చిల్లంగి పెట్టారని నమ్మినవాడు తిండీ నిద్రా మాని, నిజంగానే చిక్కిపోతాడు. నింద పొరుగువాని మీద పడుతుంది. ఈ అనుమానంతో హత్యలు కూడా జరిగాయి.

మరి ఆ జబ్బు బూటకమా? కాదు. క్రీ.శ. 850లో జన్మించిన అబూ జైద్ అల్ బల్ఖీ తన 'మసాలిహుల్ అబ్‌దాన్ వల్ అన్‌ఫుస్' గ్రంథంలో దేహానికొక భాగం, మనసుకొక భాగం కేటాయించాడు. మనిషి ఈ రెండింటి కలయిక గనుక ఒకదాని బాధ రెండవదానికి సోకుతుందని వివరించాడు. క్రోధం, భయం, దుఃఖం, వస్‌వాస్ అనే నాలుగింటికీ చికిత్స చెప్పాడు. ఆరోగ్యానికి యూనానీ వైద్యులు అనివార్యమని ఎంచిన ఆరు కారణాలలో మనసు చలనం, విశ్రాంతి ఒకటి. 1942లో అమెరికన్ శాస్త్రజ్ఞుడు వాల్టర్ కానన్ కూడా, మంత్రభయంతో సంభవించే మరణాలకు మూలం తీవ్రమైన భయోద్రేకమే కావచ్చునన్నాడు.

ఖుర్ఆన్‌లో సిహ్ర్ ప్రస్తావన ఉన్నది. అయితే అల్లాహ్ అనుమతి లేనిదే అది ఎవరికీ హాని చేయజాలదని బఖరా సూరా 102వ ఆయత్ స్పష్టం చేస్తున్నది. అనుమానాలకు దూరంగా ఉండమని హుజురాత్ సూరా 12వ ఆయత్ ఆదేశిస్తున్నది.

కనుక రోగిని ఎగతాళి చేయరాదు, పొరుగువానిని నిందించరాదు. జ్వరం వస్తే ముందు మలేరియా పరీక్ష చేయించాలి. భయం పట్టుకున్నవానికి, బల్ఖీ చెప్పినట్లు, బయటినుంచి హితవు కావాలి, లోపలినుంచి ధైర్యం కావాలి. ఆ హితవు చెప్పవలసినవాడు పొరుగువాడే.